ఎడమ రొమ్ముకు సంజాయిషీ నోటీసు

ప్రసవ సెలవు ముగించుకుని ఉద్యోగంలో చేరిన తల్లికి పాలు ఎందుకు తగ్గిపోతాయో ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. అసలు కారణం మూడు మాటల్లో ఉంది: "పదే పది నిమిషాలు."

పంపింగ్ కోసం, అంటే చిన్న యంత్రంతో పాలు తీసి బిడ్డకి దాచడం కోసం, ఆమె మూడింటికి క్యాలెండర్‌లో అరగంట బ్లాక్ చేసుకుంటుంది. సరిగ్గా రెండూ యాభై ఐదుకి దాని మీదికే ఒక మీటింగ్ వచ్చి కూర్చుంటుంది. "పదే పది నిమిషాలు మేడమ్, టక్కున ముగించేద్దాం." ఆ టక్కు నాలుగుంపావుకి వినబడుతుంది. పొద్దున పదకొండున్నరకి పంప్ చేసుకున్న మనిషి ఆమె. మూడు గంటలకోసారి తీయాల్సిన పాలు దాదాపు ఐదు గంటలు లోపలే నిలవున్నాయి.

అయినా మీటింగ్‌ని తప్పుపట్టకూడదు. మీటింగులు తప్పు చెయ్యవు. తప్పంతా రొమ్ములది. షెడ్యూల్ పాటించడం ఇప్పటికీ నేర్చుకోని విభాగం ఆఫీసు మొత్తానికీ ఇదొక్కటే. క్రమశిక్షణ చర్య తప్పదు. నోటీసు ముసాయిదా కూడా సిద్ధంగా ఉంది, యాజమాన్యాలు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

"ఇందుమూలముగా ఎడమ రొమ్ముకు తెలియజేయునది ఏమనగా: పూటకు 50 మి.లీ. ఇచ్చుచుండిన తమరు వారము రోజులుగా 30 మి.లీ. మాత్రమే ఇచ్చుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. అదే పంపు, అదే వేళలు గల కుడి రొమ్ము 60 మి.లీ. ఇచ్చుచుండగా తమరి అలసత్వమునకు కారణమేమి? తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. ఇకమీదట ఉత్పత్తి కార్యక్రమములు సాయంత్రము ఆరు దాటిన పిమ్మట మాత్రమే నిర్వహించుకొనవలెనని ఆదేశించడమైనది."

ఎడమ రొమ్ము మర్యాదస్తురాలు. గడువులోగానే జవాబిచ్చింది.

"అయ్యా, తమ నోటీసు అందినది. మనవి చేసుకొనునది ఏమనగా: మేము నింపి తాళము వేసుకొను గోదాములము కాము. ఖాళీ చేసినకొద్దీ చేయుట, నిండుగా ఉంచినకొద్దీ మానుకొనుట మా పద్ధతి. పాలు లోపల నిలిచిపోయినచో 'ఇక చాలు' అను కబురు మాకు అందులోనుండియే అందును. మంగళవారము తమరి మీటింగు వలన ఒక పూట తీయలేదు. బుధవారమూ తీయలేదు. గురువారమునకు బిడ్డకు ఇక అక్కర తీరినది కాబోలునని మేమే తగ్గించుకొంటిమి. కుడి రొమ్ముతో పోలిక తగదు. రెండింటి దిగుబడిలో తేడా ఉండుట సర్వసాధారణము. ఇక సాయంత్రము ఆరు గంటల సంగతి: పాలు తయారుచేయించు ప్రొలాక్టిన్ అను హార్మోను మాకు ఎక్కువగా అందునది రాత్రివేళ, పాలు పుష్కలముగా ఉండునది తెల్లవారుజామున. తమరు ఆదేశించిన సాయంత్రమే మాకు మందకొడి వేళ. చిత్తగించవలెను."

ఈ జవాబు సంతృప్తికరంగా లేదని యాజమాన్యం తేల్చింది. వెల్‌నెస్ వారోత్సవాల్లో రొమ్ములకు సమయపాలన మీద శిక్షణ ఇప్పిస్తారట.

ఇక పంపింగ్ గది. దానికి గడియ ఉండదు. గడియ ఉంటే ప్లగ్ పాయింట్ ఉండదు. రెండూ ఉంటే లోపల ఎవరో ఫోన్ మాట్లాడుకుంటూ ఉంటారు. రొమ్ములో పాలున్నంత మాత్రాన సీసాలోకి రావు, చేపుకు రావాలి. ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలగ్రంథుల చుట్టూ ఉన్న సన్నని కండరాలు బిగుసుకుంటేనే ధార కడుతుంది. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మనిషికి చేపు త్వరగా రాదు. పంపు తయారుచేసినవాళ్లకి ఈ ఇంగితం ఉంది. అందుకే మొదట తేలిగ్గా, వేగంగా లాగే మోడ్ పెట్టారు. రెండు నిమిషాలు అలా నడిపి, ధార మొదలయ్యాక నిదానంగా, గట్టిగా లాగే మోడ్‌కి మార్చుకోవాలి. టైమ్ లేదు కదాని సక్షన్ చివరికంటా తిప్పితే రెండింతలు రావు, నొప్పి పుట్టి ఉన్న చేపు కూడా పోతుంది. నొప్పి తెలియనంతలో ఎంత పెంచగలిగితే అంతే. రెండువైపులా ఒకేసారి, పదిహేను ఇరవై నిమిషాలు, మధ్యలో గట్టిగా తగిలిన చోట్ల చేత్తో మర్దన. పన్నెండో నిమిషంలో ఎవరో ఒకరు తలుపు తడతారు, అది వేరే సంగతి.

పాలు తగ్గగానే సలహాదారుల గుంపు దిగుతుంది. నీళ్లు బాగా తాగమంటారు. దాహానికి మించి తాగితే పెరిగేది బాత్రూమ్ ప్రయాణాలే. పాలు పడే పొడులు, మాత్రలు రాసిస్తారు. ఆ పంపు విడిభాగాలు ఒకసారి విప్పి చూడమ్మా అని మాత్రం ఒక్కరూ అనరు. నోటీసు ఇవ్వాల్సిన ఘనుడు అక్కడ దర్జాగా కూర్చుని ఉంటాడు: డక్‌బిల్ వాల్వు. మెత్తటి సిలికాన్ ముక్క, కొసన సన్నని చీలిక. పంపు లాగనప్పుడు ఆ చీలిక పెదవులు అతుక్కుని ఉండాలి. వెలుతురుకి పెట్టి చూస్తే సందు కనిపించిందా, సక్షన్ అందులోంచే పోతోందన్నమాట. రోజుకి మూడు నాలుగుసార్లు పంప్ చేసేవాళ్లకి అది నెలా రెండు నెలల్లో సాగిపోతుంది, బ్రష్ దూర్చి తోమితే ఇంకా ముందే. మోటారు మామూలుగానే గుర్రుమంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

రెండో ముద్దాయి ఫ్లాంజ్, అంటే పంపుకి రొమ్ము దగ్గర ఆనించే గరాటు. డబ్బాలో తరచూ 24 మి.మీ.దో 28 మి.మీ.దో వస్తుంది. చాలామందికి అంతకంటే చిన్నది కావాలి. చనుమొన అడ్డుకొలత మిల్లీమీటర్లలో చూసుకుని ఎంచుకోవాల్సిన వస్తువిది. పెద్దదైతే చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా గొట్టంలోకి లాక్కుపోయి వాచిపోతుంది. చిన్నదైతే మొన గోడలకి రాసుకుని పుండు పడుతుంది. రెండు రకాలుగానూ పాలు పూర్తిగా దిగవు.

తీసిన పాలు దాచడం తేలికే. గది 25 డిగ్రీలు దాటకపోతే 4 గంటలు, ఐస్ ప్యాకులున్న సంచిలో 24 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు. ఇంటి దగ్గర పట్టేవాళ్లతోనే అసలు పేచీ. రొమ్ముపాలు తాగే బిడ్డకి తల్లి దూరంగా ఉన్న గంటకి 30 నుంచి 45 మి.లీ. చొప్పున లెక్కేస్తే సరిపోతుంది. సీసా నిలువుగా ఎత్తి పట్టుకుంటే బిడ్డ గుటకలు ఆపలేక 150 మి.లీ. కూడా లాగించేస్తుంది. వెంటనే ఆఫీసుకి ఫోన్: "నీ పాలు చాలట్లేదు." బిడ్డని కూర్చోబెట్టినట్టు పట్టుకుని, సీసా అడ్డంగా ఉంచి, మధ్యమధ్య ఆపుతూ పడితే ఆ ఫోన్లలో సగం రావు.

ఇంతా అయ్యాక రికార్డులో ఏం రాసుకుంటారు? "ఆవిడకి పాలు పడలేదు." పడలేదట! పడ్డాయి, ధారగా పడ్డాయి, మీరు కట్టేశారు. నిండిన రొమ్ముతో గంటలకొద్దీ కూర్చోబెట్టారు. అది రాయిలా గట్టిపడి, సలపరం పెట్టి, ఒకవైపు ఎర్రగా కమిలి, రాత్రికి చలిజ్వరమొస్తే మర్నాడు దాన్నీ ఆమె లీవుల్లోంచే కోశారు. చివరికి నేరం ఆమె ఒంటి మీద వేసి, మా ఇంట్లో ఆడవాళ్లకి పుష్కలంగా ఉండేవని జాలి కూడా పడతారు. పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకి రెండుసార్లు అరగంట చొప్పున ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి సమావేశంలోనే రాసిపెట్టింది. ఏ సంవత్సరం? 1919. ఆ విరామం కూడా పనిగంటల్లోదే, జీతం ఇవ్వాల్సిందేనని 2000లో ఇంకో ఒప్పందం రాసింది. అప్పుడే ఇవ్వమన్న అరగంటని ఇప్పుడు మీరు కలర్ కోడింగ్ పెట్టిన క్యాలెండర్‌లోంచి దొంగిలిస్తున్నారు. సిగ్గుండాలి.

తగ్గిన పాలు చాలాసార్లు మళ్లీ పెంచుకోవచ్చు. రోజూ ఒక గంట: 20 నిమిషాలు పంప్, 10 విరామం, 10 పంప్, 10 విరామం, 10 పంప్. మొదటి రెండు రోజులు చుక్కలే వస్తాయి, ఆపెయ్యకూడదు. కొన్నాళ్లు వరసగా చెయ్యాలి. ఆ గంట ఇంట్లో కుదురుతుంది. ఆఫీసు పూటలు తప్పకుండా ఉండాలంటే మాత్రం ఎవరి ఆఖరి స్లైడ్ మధ్యలోనైనా ఆమె లేచి వెళ్లిపోవాల్సిందే. కొంపలేం మునగవు. ఆ స్లైడ్‌లో "థాంక్యూ" అని తప్ప ఏమీ ఉండదు.