డబ్బు పోసి చూసిన హవాయిలో హవాయి ఎంత?

హవాయి వెళ్లొచ్చిన మనవాళ్ల ఫొటోలన్నీ ఒకటే వరస. మెడలో పూలదండ, చేతిలో కొబ్బరిబోండాం, వెనకాల నిప్పు తిప్పే కుర్రాడు, కింద "హవాయి కల్చర్ చూసొచ్చాం" అని ఓ ముక్క. నేనూ ఆ బాపతే. అందుకే ఈ కడుపుమంట.

హొనొలులులోని వైకీకీ బీచిలో లువావ్ షోకి, అంటే ఆటపాటలతో పెట్టే హవాయి విందుకి, మనిషికి 150 డాలర్ల పైనే వదిలాయి. ముప్పావుగంట బఫే లైన్‌లో నిలబెట్టి, తర్వాత స్టేజీ ఎక్కారు. జనం ఈలలేసి గోల చేసిన నిప్పుకత్తి నాట్యం సమోవా దీవుల వాళ్లది. నడుం జోరుగా తిప్పే ఆట తహితీ దీవిది. ఆఖరికి ఆ గడ్డి లంగా కూడా గిల్బర్ట్ దీవుల నుంచి వచ్చిందేనట. హవాయి వాళ్లు పూర్వం కట్టింది చెట్టు బెరడు నలగ్గొట్టి చేసిన కాపా బట్ట. చక్కగా ఫలానాది ఫలానా దీవిదని చెబితే ఎవరికి నష్టం? మైకు పట్టుకున్నాయన మాత్రం "అలోహా" అని మాతో పదిసార్లు అరిపించాడు, అంతే.

మర్నాడు సాయంత్రం ఓ పార్కులో పైసా టికెట్ లేకుండా అసలైన హులా, అంటే హవాయి వాళ్ల నాట్యం, చూశాం. ఒక పెద్దావిడ చాప మీద కూర్చుంది. ముందు ఇపు హెకె. ఏదో అనుకోకండి, రెండు సొరకాయ బుర్రలు ఒకదాని మీద ఒకటి అతికించిన వాయిద్యం. మన పందిరి మీద కాసే సొరకాయే. చాప మీద మోదితే "ఊ" అని బరువైన మోత, వేళ్లతో తడితే "తే". ఇంకే హంగూ లేదు. ఆవిడ గొంతెత్తగానే ఆరుగురు ఆడపిల్లలు మోకాళ్లు వంచి కదిలారు. ఒక్కరి ముఖంలోనూ ఫొటో నవ్వు లేదు. చేతులు మాత్రం ఆగలేదు. పక్కన కూర్చున్నాయన మెల్లగా చెబుతుంటే తెలిసింది: అదిగో వాన, ఇది కొండ, ఇప్పుడు పెలె అనే అగ్నిపర్వత దేవత లావా. హులాలో మాట ముందు, అడుగు తర్వాత. మెలె అనే పాట లేకపోతే ఆటే లేదు. కూచిపూడి చూసి పెరిగినవాళ్లం, మనకిది ఎవరైనా విడమరచి చెప్పాలా?

ఆ పాట బతికి ఉండడమే గొప్ప. క్రైస్తవం పుచ్చుకున్న కాహుమను రాణి 1830లో బహిరంగంగా హులా ఆడొద్దంది. కలాకావా రాజు 1883లో తన పట్టాభిషేకానికి పట్టుబట్టి ఆడించాడు. పదేళ్లకే అమెరికా వ్యాపారులు రాజ్యాన్ని కూలదోశారు. 1896 చట్టంతో బడుల్లోంచి హవాయి భాషే పోయింది. మళ్లీ దానికి అధికార భాష హోదా రావడానికి 1978 దాకా పట్టింది. మాటే పోతే మాట మీద నిలబడ్డ నాట్యం ఏమవ్వాలి? గోదావరి జిల్లాల కళావంతుల కథ తెలిసినవాళ్లకి ఈ ఈసడింపు కొత్తేం కాదు.

ఆ కలాకావా ముద్దుపేరు మీదే హిలో ఊళ్లో ఏటా ఈస్టర్ తర్వాత మెర్రీ మోనార్క్ ఉత్సవం జరుగుతుంది. హులా పోటీల్లో అన్నిటికన్నా పేరున్నవి అక్కడివే. మగవాళ్లు ఆడే పాతరకం హులా చూస్తే నడుం ఊపుడు జోకులు ఎవరి నోటా రావు. వచ్చేసారి వైకీకీ మానేసి అక్కడికి వెళ్దామన్నాను.

"అక్కడ నిప్పు తిప్పుతారా నాన్నా?" అన్నాడు మావాడు.