నంబరు ప్లేటు కనిపిస్తే చాలదు

డ్రైవింగ్ లైసెన్సుకు చూపు ఎంత ఉండాలో మన నిబంధనలు ఒక్క వాక్యంలో తేల్చేశాయి. మంచి పగటి వెలుతురులో, 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటును గుర్తుపట్టగలగాలి. కళ్లజోడు ఉంటే పెట్టుకునే చూడొచ్చు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని ఫారం 1 అడిగేది ఇదే. నలభై దాటనివారు సొంత బండి కోసమైతే ఆ ఫారం మీద తామే టిక్కు పెట్టి సంతకం చేస్తే సరిపోతుంది. రవాణా బండి నడిపేవారికీ, నలభై దాటినవారికీ డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కావాలి. ఆ డాక్టరు కంటి డాక్టరే అయ్యుండాలనేం లేదు.

ఈ కొలత చెడ్డదేమీ కాదు. కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు. 6/6, అంటే మామూలు చూపున్న మనిషి 25 మీటర్ల నుంచి చదవగల అతి చిన్న అక్షరం సుమారు 36 మిల్లీమీటర్లు. అంటే ఈ పరీక్ష అడుగుతున్నది దాదాపు 6/11 చూపు (రెండో అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు), చార్టులోని 6/12 వరుస కంటే కాస్త మెరుగు. బ్రిటన్‌లో అడిగేది కూడా 6/12.

చిక్కంతా కొలిచే తీరులో ఉంది. టేపు పట్టకుండా కంటి అంచనాతో 12 మీటర్ల దగ్గర నిలబెట్టారనుకోండి, 6/22 చూపున్నవాడు కూడా ప్లేటు చదివేస్తాడు. అదే కారు లేదని మోటారు సైకిల్ ప్లేటు చూపిస్తే తేడా ఇంకోవైపు వస్తుంది. దాని వెనక అంకెల ఎత్తు 40 మిల్లీమీటర్లే కాబట్టి అది అడిగేది దాదాపు 6/6.6 చూపు, పాసవ్వాల్సినవాడు ఫెయిలవుతాడు. క్లినిక్కుల్లోనూ ఇలాంటివే జరుగుతాయి. ఆరు మీటర్ల చార్టును మూడు మీటర్ల గదిలో వేలాడదీస్తే 6/12 వాడు 6/6 అయిపోతాడు. కన్ను మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తారు, అందుకే అరచేతితోనో అట్టముక్కతోనో మూయించాలి. ముందువాడు చదువుతుంటే విని వరుస కంఠతా పట్టేవారికి కుడి నుంచి ఎడమకు చదవమంటే సరి. చదువు రానివారికి నాలుగు దిక్కులకూ తిరిగే ఇంగ్లిష్ 'E' గుర్తు చార్టు ఉంది, వేళ్లతో దిక్కు చూపిస్తే చాలు.

మరొకటి చత్వారం. రోడ్డు పక్క కొన్న +2 అద్దాలు చదవడానికి పనికొస్తాయిగానీ వాటితో దూరం మసకే. అవి ముక్కు మీద పెట్టుకునే స్టీరింగ్ పట్టేవారు తక్కువేం కాదు.

అయితే ఇదంతా పగటి సంగతి. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు ఘాట్ ఎక్కే లారీలైనా, పదహారో నంబరు హైవే మీద ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లేవైనా ఎక్కువగా నడిచేది రాత్రిపూట. డిసెంబరు, జనవరి వస్తే మన పల్లె దారుల్లో సగం రోడ్డు కళ్లమే. ఆరబోసిన ధాన్యాన్ని కుప్ప చేసి, నల్ల బరకం కప్పి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. తెల్ల అట్ట మీద నల్ల అక్షరం చదవడం వేరు, నల్ల తారు మీద నల్ల బరకాన్ని పోల్చుకోవడం వేరు.

శుక్లం మొదట్లో అక్షరాన్ని దాచదు, వెలుతురును చెదరగొడుతుంది. షుగర్ ఉన్నవారిలో, ఏళ్ల తరబడి స్టిరాయిడ్లు వాడినవారిలో కటకం వెనక పొరలో వచ్చే రకం మరీ ఇబ్బంది. ఎదురు బండి లైటు పడగానే కంటిపాప చిన్నదవుతుంది, వెలుతురంతా సరిగ్గా ఆ మచ్చ గుండానే పోవాలి. తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. చూపు కుదుటపడడానికి అయిదు సెకన్లు పట్టినా, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఈలోగా 83 మీటర్లు పోతుంది. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు అద్దాలు ఉన్న వెలుతురునూ తగ్గిస్తాయి, కొనకండి. చార్టు చదివించాక కంటి పక్కనుంచి టార్చి వేసి మళ్లీ చదివిస్తే, రెండు వరుసలు పడిపోయినవాణ్ని శుక్లం అనుమానంతో పంపించొచ్చు. దీనికయ్యే ఖర్చు టార్చి సెల్లులే.

ప్లేటు పరీక్షకు అసలే చిక్కనివి ఇంకా ఉన్నాయి. మేనరికాలు ఎక్కువున్న చోట్ల రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య రెటీనా జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న వయసులో రేచీకటిగా మొదలై, పక్కచూపును చుట్టూ కోసుకుంటూ వస్తుంది. నడిమి చూపు మాత్రం చాలా ఏళ్లు నిలుస్తుంది. ఆ కుర్రాడు మధ్యాహ్నం ప్లేటు గడగడా చదివేస్తాడు, రేచీకటి ఉందా అన్న ప్రశ్న దగ్గర లేదని టిక్కు పెడతాడు. నీటికాసుల జబ్బూ (గ్లాకోమా) అంతే. నొప్పి ఉండదు, ముందు పోయేది పక్కచూపు. పక్కచూపు 120 డిగ్రీలు ఉండాలని బ్రిటన్‌లో అంకె పెట్టారు, మన ఫారంలో అంకె లేదు. పరికరం లేకపోయినా పట్టుకోవచ్చు. మీటరు దూరంలో ఎదురెదురుగా కూర్చుని, ఒక్కో కన్నే మూయించి, చూపు డాక్టరు ముక్కు మీదే ఉంచమని చెప్పి, డాక్టరు తన వేళ్లను పక్కల నుంచి లోపలికి కదుపుకుంటూ తేవాలి. కంటికి అర నిమిషం పని.

రంగుల విషయంలో మాత్రం 2020 జూన్ సవరణ సబబుగానే ఉంది. ఓ మోస్తరు వర్ణాంధత్వం ఉన్నవారికి లైసెన్సు ఇవ్వొచ్చన్నారు, తీవ్రంగా ఉన్నవారికే అడ్డు. సిగ్నల్లో ఎరుపు ఎప్పుడూ పైనే వెలుగుతుంది కదా.

గడువుల లెక్క నాకు నచ్చదు. 2019 చట్ట సవరణ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లకు సొంత బండి లైసెన్సు తీసుకున్నవాడికి నలభై దాకా అడిగేవారు లేరు. రవాణా లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. షుగర్ ఉన్నవారికి ఏటా రెటీనా చూడాలని కంటి డాక్టర్లు చెబుతుంటే గడువు పెంచడం ఎదురు నడకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన ఉచిత కంటి పరీక్షల పథకం కంటి వెలుగు ముందు బడిపిల్లలను, తర్వాత అరవై దాటిన అవ్వాతాతలను చూసింది. స్టీరింగ్ పట్టే వయసు ఆ రెంటికీ మధ్య ఉండిపోయింది.

రవాణా ఆఫీసు కోసం ఆగకుండానే చేయగలిగినది కొంత ఉంది. సాలూరు లాంటి లారీల ఊళ్లో యార్డు గోడకు పాత కారు ప్లేటు ఒకటి బిగించి, టేపుతో 25 మీటర్లు కొలిచి సున్నంతో గీత గీయొచ్చు. పొద్దున ఒకసారి చాలదు, సాయంత్రం లైట్లు వేసే వేళా అక్కడ నిలబడి చూడాలి. తేడా అనిపిస్తే అద్దాలు, అవసరమైతే ఆపరేషన్. ముందే బండి దిగమంటే ఎవరూ గీత దగ్గరకు రారు, దాచుకుంటారు.

శుక్లం ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే, పోయేది కిరాయి. చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు వేయాలి, అద్దాల నంబరు సాధారణంగా ఆ తర్వాతే తేలుతుంది. రెండు కళ్లకూ పొర ఉంటే రెండు విడతలు. మొదటి కన్ను బాగుపడగానే డ్రైవరు బండెక్కేస్తాడు. రెండోది సంక్రాంతి కిరాయిలయ్యాక చూద్దామంటాడు. ధాన్యం కుప్పలు రోడ్డు మీదుండేదీ ఆ రోజుల్లోనే.