ఇంటికి పంపే ముందు

పర్లాకిమిడి, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశా సరిహద్దులోని ఈ ఊళ్లలో సర్కారీ ఆసుపత్రి క్యాజువాలిటీ ముందు కాసేపు నిలబడితే తెలుగూ ఒడియా కలిసే వినిపిస్తాయి. లోపల రాసిచ్చే చీటీ మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. సెలైన్ ఎక్కించి, ఇంజెక్షన్ చేసి, రక్తపరీక్షకు పంపి, సాయంత్రానికి ఇంటికెళ్లమంటారు. రోజు కూలీ మీద బతికే కుటుంబానికి అది పెద్ద ఊరటే. వచ్చిన ప్రతి ఒక్కరినీ వార్డులో చేర్చుకోమని మేము అడగడం లేదు.

మా ఆందోళనంతా ఆ సాయంత్రం గురించే. కట్లపాము కరిస్తే వాపు కనిపించదు, నొప్పీ పెద్దగా ఉండదు. కొన్ని గంటల తర్వాత కనురెప్పలు వాలి, ఊపిరి కష్టమవుతుంది. అందుకే పాముకాటుకు 24 గంటలు కనిపెట్టుకుని ఉండాలంటారు. గుండెపోటులోనూ మొదటి ఈసీజీ మామూలుగా రావచ్చు. ఆఖరి బస్సెక్కి గుమ్మ వైపు కొండ ఊరికి చేరిన మనిషికి అర్ధరాత్రి ఆయాసం వస్తే, తిరిగి రావడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంగ్లండులో అదే రోజు చూసి పంపే ఈ వైద్యాన్ని ప్రత్యేక సేవగా నడుపుతున్నారు. పెద్ద ఎమర్జెన్సీ ఉన్న ప్రతి ఆసుపత్రిలో వారానికి 7 రోజులూ, రోజుకు కనీసం 12 గంటలు అది ఉండాలని 2019 ప్రణాళికలో పెట్టుకున్నారు. ఊపిరి వేగం, ఆక్సిజన్, బీపీ, నాడి, జ్వరం, తెలివి ఎలా ఉందన్నది చూసి, రోగి పరిస్థితి ఎంత విషమంగా ఉందో మార్కులు వేసి చెప్పే పద్ధతి అక్కడ 2012లోనే వచ్చింది. దానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. మన దగ్గరా రోగి గడప దాటే ముందు నర్సమ్మ ఈ ఆరూ మరోసారి చూసి, చీటీ మీద రాయాలి.

ఆ చీటీ రోగి చదువుకునే భాషలో ఉండాలి. ఏం జరిగితే వెంటనే వెనక్కి రావాలో, ఎవరికి ఫోన్ చేయాలో పెద్ద అక్షరాల్లో కనపడాలి. చదువు రానివాళ్లకు కూర్చోబెట్టి చెప్పాలి, విన్నది తిరిగి చెప్పించుకోవాలి.

ఇక రిపోర్టుల సంగతి. మర్నాడు రిపోర్టు వచ్చేసరికి రోగి పాతపట్నం దాటి ఆంధ్రాలోని తన ఊళ్లో ఉంటాడు. ఇక్కడి ఆశా కార్యకర్త అక్కడికి వెళ్లదు, అక్కడి ఆమెకు కబురే అందదు. పర్లాకిమిడి ఉన్న గజపతి, సరిహద్దు అవతలి శ్రీకాకుళం జిల్లాల వైద్యాధికారులు ఒకసారి కూర్చుని, అలాంటి రోగికి మర్నాడు ఎవరు ఫోన్ చేయాలో తేల్చాలి. వానలు ముదిరి పాముకాట్లు, జ్వరాలు పెరిగేలోపే ఆ పని జరగాలి.