సభలో ప్లాస్టిక్ కుర్చీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లాస్టిక్ కుర్చీ గారి సముఖమునకు, గోదావరి డెల్టాలో టెంట్లూ కుర్చీలూ అద్దెకిచ్చుకునేవాళ్ళం నమస్కరించి రాసుకున్నది. ఉభయకుశలోపరి.

పార్టీ సభంటే నాయకుడు, అభ్యర్థి, జెండా, జనం అని లోకం అనుకుంటుందండి. అవన్నీ తర్వాత. ముందు మీరు. జనం ఎంతమంది వస్తారో ఆ దేవుడిక్కూడా తెలీదు గానీ, మీరెన్ని రావాలో మూడు రోజుల ముందే ఖాయమైపోతుంది. మర్నాడు పేపర్లో పడేదీ మీ ఫొటోయే. ఒక పేపర్లో నిండుగా ఉంటారు, అదే సభకి ఇంకో పేపర్లో బోసిగా ఉంటారు. సభలో చాలామంది అద్దెకొచ్చినవాళ్ళే, ఆయ్, బిల్లు రాసేది మాత్రం మీ ఒక్కరికే.

మీ లెక్క ఓసారి తేల్చుకుందాం. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. మిమ్మల్ని వరసలు వేసి, మోకాళ్ళకి చోటొదిలి, మధ్యలో నడక దారులు తీస్తే తలకి ఆరు చదరపు అడుగులు పడుతుంది. అంటే ఎకరానికి ఏడు వేల చిల్లర. పదెకరాల్లో సభ పెడితే వేదికకీ, దాని ముందు పోలీసులు ఖాళీగా ఉంచమనే డి-జోన్‌కీ, ర్యాంపుకీ, బారికేడ్ల సందులకీ, కెమెరాల వాళ్ళ బల్లకీ కలిపి మూడెకరాలు పోయాయనుకోండి. మిగిలిన ఏడెకరాల్లో మీరు పట్టేది యాభై వేలు. అభ్యర్థి గారు మైకు పట్టుకుని "రెండు లక్షల మందితో పోటెత్తిన ఈ జనగోదారి" అంటారు. అంటే ఒక్కో కుర్చీకి నలుగురు. మీ కాళ్ళు విరగవా మరి?

ఆ రాత్రే మీకు ఇంకో లెక్క పుడుతుంది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా అభ్యర్థి పెట్టే ప్రతి రూపాయీ ఆయన ఖాతాలో పడాలి. 2022లో పెంచిన పరిమితి ప్రకారం అసెంబ్లీకి 40 లక్షలు, పార్లమెంటుకి 95 లక్షలు. వేదిక మీద అభ్యర్థి ఉన్నా, ఆయన పేరో ఫొటోయో కనబడినా సభ ఖర్చులో వాటా ఆయన నెత్తిన పడుతుంది. ఎన్నికల సంఘం వీడియో బృందం వచ్చి వేదిక కొలతలు, వాహనాలు, ఫ్లెక్సీలు, చివరికి మిమ్మల్ని కూడా కెమెరాకెక్కిస్తుంది. జిల్లా అధికారులు ముందే వేసిన రేట్ల పట్టిక ప్రకారం లెక్కల బృందం లెక్కగట్టి, అభ్యర్థి చూపించిన ఖర్చుతో పోల్చుకోడానికి షాడో రిజిస్టర్లో రాసుకుంటుంది. దాంతో మైకులో లక్షల్లో ఉన్నవారు బిల్లులో వేలల్లోకి దిగుతారు. "కుర్చీలు తక్కువేనండి, జనం నిలబడే విన్నారు" అని అభ్యర్థి గారి లెక్కల గుమాస్తా చెప్పేటప్పటి వినయం, అభ్యర్థి గారు ఓటు అడిగేటప్పుడు కూడా చూపించరు. భారీ సభలన్నీ నామినేషన్ల ముందే ఎందుకు జరిగిపోతాయో ఇప్పుడు అర్థమైంది కదా. అప్పటిదాకా మీరు అనంతం. ఆ తర్వాత మీకు రేటుంది.

డెల్టాలో మిమ్మల్ని వేయడానికి నేల దొరకడమే గగనం. కోనసీమలో కొబ్బరి తోట కాకపోతే చెరువు, చెరువు కాకపోతే కాలవ గట్టు. ఎన్నికలు 2024లోలా మే 13న వస్తే కాస్త వీలు, అప్పటికి దాళ్వా, అంటే రబీ వరి, అయిపోయి చేలు ఖాళీగా ఉంటాయి. చేలో కోతలు పూర్తయ్యాక వేదిక మీద కోతలు మొదలవుతాయి. ముందు జేసీబీతో గట్లు కొట్టి చదును చేయాలి, కొయ్యకాళ్ళు అణిగేదాకా రోలరు తిప్పాలి, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్ళు చల్లాలి, ఆరాక పట్టా పరవాలి, ఆ పైన మీరు. పట్టా దగ్గర డబ్బులు మిగుల్చుకుందామనుకుంటే అక్కడే దెబ్బ తింటాం. మనది బంకమట్టి. చిన్న వాన పడితే చాలు, కూర్చున్నవాడు వెనక్కి వాలతాడు గనక మీ వెనక కాళ్ళు ముందు దిగబడతాయి, అందులోనూ ఒకటి లోతుగా, ఒకటి పైపైన. బరువు మెలిపడి కాలు సీటులో కలిసే చోట పుటుక్కుమంటుంది. ఎండకి నెలల తరబడి నానిన పాత సరుకైతే వాన కూడా అక్కర్లేదు. వీపు పట్టుకుని వంచినప్పుడు తెల్లగీత పడిందంటే ఆ కుర్చీ ఆ పూట గడవదు. అలాంటివి వెనక వరసల్లోకి తోసేస్తాం. (వెనక వరస ఓటుకీ విలువ ఒకటేనని రాజ్యాంగం అంటుంది, ఆ సంగతి మాకూ తెలుసు.) ఇక కొట్టేసిన గట్లంటారా, సార్వాకి, అంటే ఖరీఫ్ వరికి, నీళ్ళొదిలేలోపు కౌలు రైతే మళ్ళీ వేసుకుంటాడు. ఆ ఖర్చు ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

మీలో మళ్ళీ కులాలున్నాయి. మొదటి వరస సోఫా, మీతో పొత్తు కలవదు. దాని వెనక తెల్ల ముసుగేసుకున్న మెత్తటి కుర్చీ, తర్వాత చేతులున్న మీరు, చివర చేతుల్లేని మీరు. పాసుల రంగుని బట్టి ఎవరెక్కడో తేలుతుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూనే ఆపేసింది. ఇప్పుడు పసుపు పాసువాడు పచ్చ పాసు గేటులోంచి, ఏ పాసూ లేని బామ్మర్ది వేదిక మెట్ల మీంచి వెళ్ళిపోతుంటారు. ఆపినవాడికి మర్నాడు పనుండదు.

ప్రసంగానికొద్దాం. కరపత్రంలో సభ మూడింటికని ఉంటుంది. మిమ్మల్ని నింపే బస్సులు రెండింటికే వస్తాయి. ఊరికింతని కోటా, ఎక్కినవాళ్ళకి లెక్క, డ్వాక్రా సంఘాల వాళ్ళయితే దిగగానే గ్రూపు ఫొటో. పొట్లం ఎప్పుడివ్వాలన్నది ఇందులో కీలకమైన విద్య. ముందే ఇచ్చేస్తే తిని వెళ్ళిపోతారు, ప్రసంగం మధ్యలో ఇస్తే టీవీలో తోపులాట కనబడుతుంది. అనుభవమున్నవాడు మజ్జిగ ప్యాకెట్టు సభలో, బిర్యానీ ప్యాకెట్టు తిరుగు బస్సులో పెడతాడు. ఈలోగా మండల నాయకులు "మరికొద్ది క్షణాల్లో" అంటూ రెండు గంటలు నెట్టుకొస్తారు. రోడ్డు మీద వచ్చే పెద్దాయనైతే ఏడు దాటుతుంది, రాత్రి పదింటికి మైకు ఆపాలన్న రూలొక్కటే అడ్డు. హెలికాప్టరైతే మనకి అదృష్టం. చేలో వేసిన హెలిప్యాడ్ మీంచి చీకట్లో లేవడం కుదరదు, అంచేత పొద్దువాలేలోపే ముగించాలి. సభ త్వరగా వదలాలంటే సూర్యభగవానుడే దిక్కు.

అభ్యర్థి గారి ప్రసంగంలో మొదటి ఐదు నిమిషాలూ మా మర్యాదా, మా వెటకారం, కాటన్ దొర, ఆత్రేయపురం పూతరేకులు. రాసిచ్చినవాడు హైదరాబాదులో కూర్చుని రాస్తే "ఇప్పుడే పులస పులుసు తిని వస్తున్నా" అని ఏప్రిల్ నెలలో కూడా అనిపిస్తాడు. ముందు వరస చప్పట్లు కొడుతుంది, వెనక వరస కిసుక్కుమంటుంది. ఎర్రనీరు దిగితేనేగానీ పులస ఎదురీదదని మీలో కూర్చున్న ముసలాయనకి తెలుసు. తర్వాత అభివృద్ధి. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కల్లా పూర్తయింది. కోటిపల్లి–నరసాపురం రైలు లైను 2000-01లో మంజూరైంది, ప్రసంగాల్లో మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం లేకుండా నడుస్తోంది. సఖినేటిపల్లి–నరసాపురం మధ్య వశిష్ఠ మీద వంతెన కూడా అంతే. దాని గురించి విన్నవాళ్ళు రేవు దాటించే పంటెక్కి ఇంటికెళతారు.

చప్పట్ల సంగతి మీకు చెప్పే తీరాలి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. వేదికకి 170 మీటర్ల దూరంలో ఉన్న మీకు మాట అరసెకను లేటు. మధ్యలో కట్టిన స్తంభాల స్పీకర్లకి మైకు ఆపరేటరు ఆ మేరకు ఆలస్యం పెట్టాలి. పెట్టకపోతే ప్రతి హామీ రెండుసార్లు వినబడుతుంది. ఇచ్చిన హామీయే మళ్ళీ వినబడడం మనవాళ్ళకి అలవాటే గనక ఎవరూ ఫిర్యాదు చేయరు. ముందు వరస చప్పట్లు ఆగే వేళకి వెనక వరసవి మొదలవుతాయి. వేదిక మీదున్నాయన అది అలల్లా ఎగసిన ఉత్సాహమనుకుని ఇంకో హామీ వదులుతాడు.

అసలు స్పందన చప్పట్లలో ఉండదు, మీ కిర్రులో ఉంటుంది. కూర్చున్నవాడు ముందుకి వంగితే మీరు ఒక రకంగా కిర్రుమంటారు, ఫోను చూసుకోడానికి పక్కకి ఒరిగితే ఇంకో రకంగా. ప్రత్యర్థిని తిట్టినప్పుడు ఈలలు వస్తాయి గానీ మీరు కదలరు. "ధాన్యం" అన్న మాట రాగానే ఒక్కసారి చేలో కుర్చీలన్నీ కిర్రుమంటాయి. తేమ 17 శాతం దాటిందని మిల్లు దగ్గర ఎంత కోశారు, గోనె సంచులు ఎందుకు రాలేదు, 75 కిలోల బస్తాకి చేతికెంత పడింది, డ్రెయిన్లలో గుర్రపుడెక్క ఎవరు తీస్తారు? 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన నేల ఇది, ఆ మాటకి చెవులు నిక్కబొడుచుకోకుండా ఎలా ఉంటాయి? అభ్యర్థి గారు "రైతే రాజు" అని ఒక వాక్యం అంటారు. వెంటనే "అందరూ సెల్‌ఫోన్ లైట్లు వెయ్యండి" అంటారు, ఎందుకంటే డ్రోను ఆ నిమిషానికే పైకి లేచింది. మీరు మళ్ళీ పక్కకి ఒరిగి కిర్రుమంటారు. సర్వేలకి డబ్బు పోసే పార్టీలు ఆ కిర్రుని రికార్డు చేయించుకుంటే చవకలో పోయేది.

నమ్మకపోతే పాత లెక్కలు చూడండి. ఉమ్మడి పశ్చిమ గోదావరిలో 15 సీట్లు. 2014లో పదిహేనూ తెలుగుదేశం–బీజేపీకి, 2019లో పదమూడు వైఎస్సార్ కాంగ్రెస్‌కి, 2024లో మళ్ళీ పదిహేనూ తెలుగుదేశం–జనసేన–బీజేపీ కూటమికి. 2024 ఫిబ్రవరి 3న దెందులూరులో వైఎస్సార్ కాంగ్రెస్ సభ, 28న తాడేపల్లిగూడెంలో తెలుగుదేశం–జనసేన సభ. రెండూ కిటకిటలాడినవే. రెండిటి వెనకా నిలబడి గెలుపెవరిదో మిమ్మల్ని చూసి చెప్పగలిగినవాడెవడూ లేడు.

ర్యాంపులు వచ్చాక మీ చావు మరీ ఎక్కువైంది. పెద్దాయన నడిచొస్తుంటే మీలో కూర్చున్నవాడు మీ మీదే నిలబడతాడు. కూర్చున్న బరువు సీటంతా పరుచుకుంటుంది, నిలబడ్డ బరువు రెండు మడమల కింద పడుతుంది, ఆ పైన గెంతుతాడు. అందుకే ర్యాంపు పక్క వరసలకి కొత్త సరుకే వేస్తున్నాం, పక్కపక్కవి కాళ్ళకి తాడేసి కడుతున్నాం. తాడు కట్టడానికి ఇంకో కారణం కూడా ఉందండి, అసంతృప్తి వర్గం అలిగినప్పుడు మీరు గాల్లోకి లేవకుండా. విరిగినవాటి డబ్బులడిగితే "సభ బాగా జరిగింది కదా" అంటారు. బాగా జరిగిన సభకీ విరిగిన కుర్చీకీ సంబంధం ఉందని వాళ్ళూ ఒప్పుకుంటున్నారన్నమాట.

ఉన్న పని చెప్పి ముగిస్తాం. ఎల్లుండి అదే చేలో రెండో పార్టీ సభ. మిమ్మల్ని ఇరవయ్యేసి చొప్పున దొంతర్లు పెట్టేశాం. మీ వీపు మీద ఈ పార్టీవాళ్ళు అంటించిన స్టిక్కర్లు గోకేశాం, జిగురు కిరసనాయిలుతో తుడిపించాం, మా కొట్టు పేరు మాత్రం ఉంచాం. బోద, అదే పంట కాలవ, వైపు వరసలో బురద కడగాల్సినవి కొన్ని మిగిలాయి. ఎల్లుండి అభ్యర్థి గారు కూడా కాటన్ దొరతోనే మొదలెడతారట, మైకు సెట్టు వాళ్ళు చెప్పారు. అడ్వాన్సు సగమే ఇచ్చారు.

ఇట్లు
మీ విధేయులు,
టెంట్ హౌస్ వాళ్ళం