అమ్మినా పోని ఆస్తి: ఒక కుటుంబ చరిత్ర

కుటుంబ వ్యాపారం ఎలా చేయాలో తెలియకే మనవాళ్లు పాడైపోతున్నారు. తాత పెట్టిన మిఠాయి కొట్టు మనవళ్ల కాలానికి రెండవుతుంది. ఒకదాని మీద ‘అసలైన’ అని, పక్కదాని మీద ‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’ అని బోర్డులు లేస్తాయి. ఆ తర్వాతి తరం కోర్టు మెట్ల మీద కలుసుకుంటుంది. వీళ్లందరికీ అమెరికాలోని షికాగోలో మెడ్‌లైన్ అనే ఆస్పత్రి సరుకుల కంపెనీ పెట్టిన మిల్స్ అనే ఇంటిపేరు గల కుటుంబ చరిత్రను పాఠంగా పెట్టాలని ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను.

1910లో ఎ.ఎల్. మిల్స్ అనే ఆయన షికాగోలో కుట్టుపని మొదలెట్టాడు. అప్పట్లో ఆ ఊరు మాంసం ఫ్యాక్టరీలకు పెట్టింది పేరు. అక్కడ మాంసం కొట్టేవాళ్లకు ఏప్రాన్లు కుట్టాడు. తర్వాత ఆస్పత్రులకు గౌన్లు కుట్టాడు. ఇందులో వింతేమీ లేదు. రెండు చోట్లా కత్తి పట్టినవాడే గిరాకీ, రెండు చోట్లా మరకే సమస్య. ఒక్కటే తేడా, కసాయి కొట్టులో రేటు ముందే చెబుతారు.

ఆపరేషన్ గదిలో లైట్ల కింద తెల్ల గౌన్లు కళ్లకు కొడుతున్నాయని ఆకుపచ్చ గౌన్లు తెచ్చింది తామేనని కంపెనీ చెప్పుకుంటుంది. చెప్పుకోనిద్దాం. మన ఇళ్లదాకా వచ్చింది మాత్రం వాళ్ల దుప్పటి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లకు పాప పుట్టగానే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడే మొదటి ఫొటో చూడండి. తెల్లటి దుప్పటి, దాని మీద గులాబీ, నీలం చారలు. గుంటూరులో అమ్మమ్మ ఫొటో పెద్దది చేసి ‘ముక్కు మా వైపుదే’ అంటుంది. విజయవాడలో నానమ్మ ‘ఆ నుదురు అచ్చం మావాడిదే’ అంటుంది. దుప్పటి ఎవరి వైపుదో ఇద్దరూ అడగరు. చాలావరకు అది మిల్స్ వారి వైపుది.

ఇక అసలు పాఠం. 1961లో ఈ కుటుంబం తన ఆస్పత్రి వ్యాపారాన్ని అమ్మేసింది. 1966లో మనవలు జిమ్, జాన్ అదే వ్యాపారాన్ని మెడ్‌లైన్ పేరుతో మళ్లీ తెరిచారు. 1972లో షేర్లు జనానికి అమ్మారు. 1977లో తిరిగి కొనేసుకున్నారు. 1997కల్లా పగ్గాలు వాళ్ల పిల్లల చేతికొచ్చాయి. అన్నదమ్ముల బిడ్డలు చార్లీ, ఆండీ ఒకరు సీఈఓ, ఒకరు ప్రెసిడెంటు. మూడో కుర్చీలో ఇంటి అల్లుడు. అల్లుణ్ణి కూర్చోబెట్టాక కూడా ‘అసలైన మెడ్‌లైన్’ అని ఎదురుగా ఇంకో బోర్డు లేవలేదంటే చూడండి, వాళ్ల సంస్కారం!

సంస్కారంతో పాటు సరుకు కూడా కలిసొచ్చిందనుకోండి. గ్లవ్స్, మాస్కులు, గౌన్లు, ట్రేలు అన్నీ ఒకసారి వాడి పారేసేవే. ఇవాళ కొన్నవాడు రేపు మళ్లీ రావాల్సిందే. పైగా రోగి ‘ఈసారికి గ్లవ్స్ వద్దులెండి, అలాగే కోసేయండి’ అని బేరమాడలేడు.

2021లో మళ్లీ అమ్మకం. బ్లాక్‌స్టోన్, కార్లైల్, హెల్‌మన్ అండ్ ఫ్రీడ్‌మన్ అనే పెట్టుబడి సంస్థలు కలిసి పెద్ద వాటా కొన్నాయి. కంపెనీకి కట్టిన విలువ సుమారు 3,400 కోట్ల డాలర్లు. కుటుంబ విలువలంటే ఏమిటని అడిగేవాళ్లకు ఇంతకన్నా కచ్చితమైన అంకె ఎవరూ చెప్పలేరు. అమ్మింది అమ్మగా, విడివిడిగా లెక్కేస్తే అందరికన్నా పెద్ద వాటాదారు మళ్లీ ఆ కుటుంబమే. అమ్మేసి కూడా ఖాళీ చేయకుండా ఉండటం అందరికీ చేతకాదు. 2023లో గానీ ఇంటిపేరు వేరైన మనిషి సీఈఓ కాలేదు.

2025 డిసెంబరులో మెడ్‌లైన్ అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్‌కు ఎక్కింది. షేరు 29 డాలర్లకు ఇచ్చారు. అంటే ఆ ధరకు షేరు దొరికినవాడు రెండున్నర వేల రూపాయల పైచిలుకుతో మిల్స్ వారికి చుట్టమైపోయాడు. మా వైపు పెళ్లిలో అంత చదివిస్తే భోజనం పెట్టి, వెళ్లేటప్పుడు స్టీలు డబ్బా చేతిలో పెడతారు. ఇక్కడ మాత్రం డివిడెండు వడ్డించేదాకా ఆకు ముందు కూర్చోవాలి.