అతుకు ఎక్కడుందో చెప్పాలి

2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసిన ఆ నారింజరంగు వలయాన్ని ఏ ఒక్క కెమెరా తీయలేదు. ఎం87 అనే గెలాక్సీ నడిబొడ్డున, మనకు ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కృష్ణబిలం చుట్టూ తిరిగే వెలుగు అది. అంత దూరాన అంత చిన్నదాన్ని పట్టుకోవాలంటే భూమి అంత వెడల్పున్న టెలిస్కోపు కావాలి. అది కట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని 2017 ఏప్రిల్‌లో హవాయి నుంచి స్పెయిన్ దాకా, చిలీ ఎడారి నుంచి దక్షిణ ధ్రువం దాకా ఎనిమిది రేడియో టెలిస్కోపులను అణు గడియారాలతో జతచేసి పనిలోకి దించారు. పోగైన సమాచారం ఇంటర్నెట్‌లో పంపగలిగేది కాదు. హార్డ్ డిస్కుల్లో నింపి విమానాల్లో మోసుకొచ్చారు. దక్షిణ ధ్రువం డిస్కులైతే అక్కడి చలికాలం గడిచి విమానాలు మళ్లీ తిరిగేదాకా కదల్లేదు. అన్నీ ఒకచోట చేర్చాక కూడా మధ్యలో ఖాళీలు చాలానే మిగిలాయి. వాటిని లెక్కలతో పూరించారు. ఆ నారింజరంగు కూడా మనుషులు ఎంచుకున్నదే, 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగానికి రంగంటూ ఏమీ ఉండదు.

అయినా ఆ బొమ్మను నమ్మడానికి మాకు ఏ సంకోచమూ లేదు. కూర్చినవాళ్లు ఏదీ దాచలేదు కాబట్టి. 2018లో నాలుగు బృందాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకరి బొమ్మ మరొకరికి చూపకుండా, అదే సమాచారాన్ని విడివిడిగా కూర్చాయి. పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగింటిలోనూ వలయమే ఉంది, నాలుగింటిలోనూ కిందివైపే వెలుగెక్కువ. ఆ తరవాత సమాచారాన్నీ, దాన్ని కూర్చిన ప్రోగ్రాములనూ అందరికీ అందుబాటులో పెట్టారు. 2022లో జపాన్ శాస్త్రవేత్తలు కొందరు అదే సమాచారాన్ని తిరిగి కూర్చి, తమకు వలయం కనిపించలేదని పత్రం ప్రచురించారు. వాళ్ల పద్ధతిలో పొరపాటు ఎక్కడుందో చెబుతూ మొదటి బృందం జవాబిచ్చింది. ముక్కలు ఎవరైనా పరిశీలించేలా ఉండబట్టే ఆ వాదన సాధ్యమైంది.

ఇప్పుడు ఇంకో బొమ్మ. 2003 మార్చి 31న లాస్ ఏంజెలెస్ టైమ్స్ మొదటి పేజీలో ఇరాక్ యుద్ధానికి సంబంధించిన ఒక ఫొటో వచ్చింది. బస్రా నగర శివార్లలో నేలమీద కూర్చున్న జనం, చెయ్యి చాచి వాళ్లను ఆగమంటున్న బ్రిటిష్ సైనికుడు, పసిబిడ్డను ఎత్తుకుని అతనివైపు వస్తున్న ఒక మనిషి. చూడగానే గుండె పట్టేసే దృశ్యం. కాకపోతే ఆ క్షణం ఎన్నడూ జరగలేదు. కొద్ది క్షణాల తేడాతో తీసిన రెండు ఫ్రేములు అవి. ఒకదాంట్లో సైనికుడి భంగిమ బాగా కుదిరింది, రెండోదాంట్లో బిడ్డను మోస్తున్న మనిషి బాగా పడ్డాడు. ఫొటోగ్రాఫర్ రెండిటినీ తన కంప్యూటర్లో కలిపేశాడు. అదే ఫొటో వేసుకున్న మరో పత్రిక ఉద్యోగి ఒకరు, వెనక కూర్చున్నవాళ్లలో కొందరు రెండుసార్లు కనిపిస్తున్నారని గమనించడంతో సంగతి బయటపడింది. ఫొటోగ్రాఫర్ ఉద్యోగం పోయింది. పత్రిక పాఠకులకు వివరణ ఇచ్చి, రెండు అసలు ఫ్రేములతోపాటు కలిపిన బొమ్మనూ అచ్చువేసింది.

ఈ రెంటినీ ఎదురెదురుగా పెట్టి చూడండి. బస్రా బొమ్మలో ప్రతి చుక్కా నిజమే. సైనికుడు నిజం, బిడ్డ నిజం, భయం నిజం. కృష్ణబిలం బొమ్మలో రంగూ మనం వేసిందే, ఖాళీలూ మనం నింపినవే. అయినా మొదటిది అబద్ధం, రెండోది జ్ఞానం. కనుక ముక్కలు అసలువా కావా అన్న ఒక్క ప్రశ్నతో ఈ విషయం తేలదు. ముక్కల మధ్య అతుకు ఉందనీ, ఎక్కడుందో, ఎందుకు వేశారో చూసేవాడికి చెప్పారా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న అని మా నిశ్చితాభిప్రాయం.

అతుకు దాచినప్పుడు మోసపోయేది చూసేవాడొక్కడే అనుకుంటాం. ముక్కలకు జరిగే నష్టం అంతకన్నా పెద్దది. చైనాలోని లియావోనింగ్ ప్రాంతంలో దొరికిన ఒక శిలాజం సంగతే చూద్దాం. ముందు సగం పక్షి, వెనక తోక డైనోసారు. డైనోసార్లకూ పక్షులకూ మధ్య తప్పిపోయిన లంకె దొరికిందంటూ 1999లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక దాన్ని ఆర్కియోరాప్టర్ పేరుతో లోకానికి పరిచయం చేసింది. ఆ ఏడాది చివరికే గుట్టు రట్టయింది. ఒక శిలాజపు రాయి రెండుగా విడితే రెండు పలకలమీదా అదే అచ్చు ఉంటుంది కదా. ఆ తోకకు జంట పలక చైనా శాస్త్రవేత్త షు షింగ్ కంటపడింది. అందులో ఆ తోక వేరే జంతువు ఒంటికి ఉంది. రాతిని సీటీ స్కాన్ చేసి చూసినవాళ్లు మొత్తం 88 ముక్కలు లెక్కపెట్టారు. విరిగిన శిలాజంకంటే నిండుగా కనిపించేదానికి ధర ఎక్కువ పలుకుతుంది. అందుకే ఎవరో జిగురుతో పని కానిచ్చారు.

ఈ కథలో మమ్మల్ని బాధించేది మోసం ఒక్కటే కాదు. ఆ తోక మైక్రోరాప్టర్ అనే జంతువుది. అప్పటికి తెలిసిన డైనోసార్లలో అతి చిన్నవాటిలో ఒకటి. ముందు సగం యానోర్నిస్ అనే ప్రాచీన పక్షిది. రెండూ శాస్త్రానికి కొత్తవే, దేనికది అపురూపమైనదే. వాటిని వాటి మానాన వదిలేసి ఉంటే రెండు గొప్ప ఆవిష్కరణలు గౌరవంగా బయటికి వచ్చేవి. జిగురు పూసి కలపడంతో కొన్నాళ్లపాటు రెండూ నవ్వులపాలయ్యాయి.

ఇంతకుమించి నష్టం చేసిన అతుకూ ఉంది. 1912 డిసెంబరులో లండన్ భూగర్భశాస్త్ర సంఘం ముందు పెట్టిన పిల్ట్‌డౌన్ పుర్రె మనిషి కపాలానికి ఒరాంగుటాన్ దవడ తగిలించినది. పళ్లను ఆకురాయితో అరగదీసి, పాతబడినట్టు కనిపించేలా ఎముకలకు రంగు పట్టించారు. 1953లో గానీ బండారం బయటపడలేదు. 41 ఏళ్లు మానవ పరిణామ చర్చ ఒక తప్పుడు పుర్రె చుట్టూ తిరిగింది. ఈలోగా ఆఫ్రికాలో దొరికిన అసలైన ఆధారాలు దానితో సరిపోలడం లేదని పక్కకు పోయాయి.

అతుకును నిజాయితీగా వేయడం ఎలాగో చూపినవాళ్లూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి ఇటలీలోని విటెర్బో పట్టణంలో ఒక చర్చి కుడ్యచిత్రాలు వేల ముక్కలై రాలిపోయాయి. రోమ్‌లోని కేంద్ర పునరుద్ధరణ సంస్థ వాళ్లు, చెజారే బ్రాండి మార్గదర్శకత్వంలో, ఆ ముక్కలను ఏరి మళ్లీ గోడకెక్కించారు. మధ్యలో పోయిన భాగాల సంగతేమిటి? తెల్లగా వదిలేస్తే చూపు ఆ తెలుపుమీదే ఆగిపోతుంది, బొమ్మ కనపడదు. అసలు చిత్రకారుడిలాగే గీసి నింపితే ఏది 15వ శతాబ్దపుదో ఏది నిన్నటిదో ఎవరికీ తెలియదు. వాళ్లు మూడో దారి పట్టారు. నీటిరంగులతో సన్నని నిలువు గీతలు ఒకదాని పక్కన ఒకటి గీసుకుంటూ పోయారు. చర్చి మధ్యలో నిలబడి చూస్తే గీతలు కలిసిపోయి రంగుగా మారతాయి, బొమ్మ నిండుగా కనిపిస్తుంది. గోడ దగ్గరికి వెళ్తే గీతలు విడిపోతాయి. ఇక్కడినుంచి ఇక్కడిదాకా మేం నింపింది అని గోడే చెబుతుంది. పైగా నీటిరంగు కనుక రేపు ఎవరికైనా ఇంతకన్నా మంచి మార్గం తోస్తే అసలు చిత్రానికి దెబ్బ తగలకుండా తుడిచేయవచ్చు. మనిషి చేతిపనిలో ఇంత మర్యాద మేము అరుదుగా చూశాం.

పాత కట్టడాల పరిరక్షణకోసం 1964లో వచ్చిన వెనిస్ ఒప్పందం 12వ అధికరణం దీన్నే నియమంగా రాసింది. పోయిన భాగాల స్థానంలో పెట్టేవి మొత్తంలో ఇమిడిపోవాలి, అయితే అసలునుంచి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలి. కట్టడాలకోసం రాసిన ఈ మాట పత్రికలకూ, ప్రయోగశాలలకూ, ఫోన్లకూ సరిగ్గా సరిపోతుంది.

ఏం కలిపారన్నదే కాదు, ఏం మిగిలిపోయిందన్నది కూడా చెప్పాలి. 1845లో బ్రిటిష్ మ్యూజియంలో ఒక సందర్శకుడు రెండు వేల ఏళ్ల నాటి పోర్ట్‌లాండ్ గాజు కలశాన్ని బద్దలుకొట్టాడు. అదే ఏడాది దాన్ని అతికించి మళ్లీ ప్రదర్శనకు పెట్టారు. ఎంత నేర్పుగా చేసినా 37 చిన్న పెంకులకు చోటు దొరకలేదు. వాటిని పారేయలేదు. వందేళ్ల తరవాత 1948లో కలశాన్ని విడదీసి మళ్లీ అతికించినప్పుడు వాటిలో కొన్నిటికి స్థానం దొరికింది. 1980ల చివర మూడోసారి కూర్చినప్పుడు దాదాపు అన్నీ చేరాయి.

ఫొటో విషయానికొస్తే, కలపడం ఫొటో అంత పాతది. 1850లలో వాడిన రసాయనానికి నీలంమీద మోజెక్కువ. సముద్రం సరిగ్గా పడేదాకా ఉంచితే ఆకాశం తెల్లగా మాడిపోయేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికో నెగెటివు, మేఘాలకో నెగెటివు తీసి ఒకే కాగితంమీద అచ్చువేశాడు. 1857లో ఆస్కార్ రైలాండర్ ముప్ఫైకి పైగా నెగెటివులతో ఒకే పెద్ద చిత్రం కూర్చాడు. దాని ప్రతిని విక్టోరియా రాణి కొన్నది. అతను పద్ధతిని దాచలేదు, బహిరంగంగానే వివరించాడు. కళాకారులతో మాకు ఏ పేచీ లేదు. కూర్పే వాళ్ల కళ, అది అందరికీ తెలిసిందే.

కలపడమే హాని చేసిన సందర్భం కూడా ఆ శతాబ్దంలోనే ఉంది. నేరస్థుల ముఖాలను ఒకే ప్లేటుమీద ఒకదానిపై ఒకటి పడేలా తీస్తే నేరానికి ఒక ముఖకవళిక ఉందని తేలుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఆశించాడు. వచ్చిన ముఖం విడి ముఖాలకన్నా సౌమ్యంగా ఉందని అతనే రాసుకున్నాడు. ఏ ఒక్కరిదీ కాని ముఖాన్ని తయారుచేసి, దానిమీద జాతులగురించి తీర్పులు చెప్పాలనుకున్న ఆ ఆలోచనను మేము ఇప్పటికీ ప్రమాదకరంగానే చూస్తున్నాం. లక్షల ముఖాలు మింగి కొత్త ముఖం అల్లే కృత్రిమ మేధ పరికరాలు ఇప్పుడు అందరి చేతిలోనూ ఉన్నాయి. గాల్టన్ కనీసం ఏయే ఫొటోలు కలిపాడో ఎరుగు. ఇప్పటి బొమ్మలో ఏ ముక్క ఎవరిదో చేసిన యంత్రం కూడా చెప్పలేదు.

ఒక్క నొక్కుకు ఒక్క ఫ్రేము అనే కాలం కూడా పోయింది. ఫోను మీట నొక్కిన ప్రతిసారీ అది చాలా ఫ్రేములు తీసి, వెలుగున్న చోట ఒకటీ నీడలో మరొకటీ తీసుకుని కలిపేస్తోంది. చీకట్లో అంత స్పష్టంగా ఫొటోలు రావడానికి కారణం ఇదే. దీన్ని మేము తప్పుపట్టం; ఆ కలయిక కంటికి కనిపించినదానికి దగ్గరగా తీసుకెళ్లడానికే. కానీ గుంపు ఫొటోలో ఒకరి నవ్వు ఒక ఫ్రేమునుంచి, ఇంకొకరి చూపు మరో ఫ్రేమునుంచి తెచ్చి అతికించే సదుపాయం వేరు. అక్కడ జరగని క్షణం పుడుతుంది. ఇంట్లో గోడకు తగిలించుకునే ఫొటోకు అది ముచ్చటే. అదే వార్తగా వస్తే చిక్కు. 2024 మార్చిలో బ్రిటన్ రాజకుటుంబం విడుదల చేసిన ఒక ఫొటోలో పిల్ల చొక్కా చేతి అంచు సరిగ్గా కలవలేదని గుర్తించి, అంతర్జాతీయ వార్తాసంస్థలు గంటల వ్యవధిలో దాన్ని వెనక్కి తీసుకున్నాయి. అందులో దురుద్దేశం ఉందని ఆ సంస్థలు అనలేదు. అయినా వదంతులు ఆగలేదు. వార్తాసంస్థలు చేసినది కఠినంగా అనిపించవచ్చు, మేము మాత్రం దాన్ని పూర్తిగా సమర్థిస్తున్నాం.

ప్రతి బొమ్మకింద ఇంత తతంగం ఎందుకు, మామూలు పాఠకుడికి ఇవన్నీ పట్టవు అనేవాళ్లున్నారు. పట్టవని తేల్చేముందు చెప్పి చూడాలి. కలిపిన బొమ్మ అయితే క్యాప్షన్‌లో కలిపినదని రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఎన్ని ఫ్రేములు, ఏయే సమయాలవి అన్నది రాయడానికి ఇంకో వాక్యం. విడి ఫ్రేములను పత్రికలు, ప్రయోగశాలలు, మ్యూజియాలు చెరిపేయకుండా భద్రపరచాలి. అడిగినవాడికి చూపాలి.

కెమెరా, ఫోను తయారీదారుల బాధ్యత అంతకన్నా ఎక్కువ. బొమ్మ ఎక్కడ పుట్టింది, తరవాత దానిమీద ఏం మార్చారు అన్న వివరాన్ని తారుమారు చేస్తే తెలిసిపోయే ముద్రతో ఫైలులోనే రాసిపెట్టే పద్ధతికి 2021లోనే సీ2పీఏ పేరిట కంపెనీలు కలిసి ఉమ్మడి ప్రమాణం తయారుచేయడం మొదలుపెట్టాయి. 2023లో ఆ సదుపాయంతో కెమెరా కూడా అమ్మకానికి వచ్చింది. పద్ధతి ఉంది, పరికరమూ ఉంది. అయినా ఎన్నో సామాజిక మాధ్యమాల్లో ఫొటో ఎక్కించగానే ఫైలులోని ఆ వివరం ఊడిపోతోంది. ఫొటో పరిమాణం తగ్గించేటప్పుడు పోతోందన్న సమాధానం చెల్లదు. బొమ్మను కుదించగలిగినవాళ్లకు నాలుగు వాక్యాల వివరాన్ని దాంతోపాటు మోయడం కష్టమేమీ కాదు. ఆ వివరాన్ని తీసేయడాన్ని ఆ వేదికలు వెంటనే మానుకోవాలి, మానుకోకపోతే చట్టసభలు మానిపించాలి.