ఇల్లు కొనేదాకా ఆగకండి

“ఇల్లు కొన్నాక పెరట్లో గోంగూర వేసుకుందాంలే.” సియాటెల్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో అద్దెకుంటున్న మనవాళ్ళ ఇళ్ళలో ఈ మాట తరచూ వింటుంటాను. ఇల్లు కొనాలంటే గ్రీన్ కార్డు రావాలంటారు, అదెప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అలా ఒక మొక్క నాటాలన్న చిన్న కోరిక కూడా ఏళ్ళ తరబడి వాయిదా పడుతోంది. తోటపనికి సొంతిల్లు అక్కర్లేదని నా గట్టి నమ్మకం.

నేను విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగాను. మా ఇంట్లో మట్టి అంటే తులసి కుండీలో ఉన్నదే. మొక్కల మీద నాకు ప్రేమ పుట్టింది ఇక్కడ, నగరం నడిమధ్య అద్దెకు తీసుకున్న చిన్న మడిలో.

సియాటెల్‌లో ఈ మడులకు పీ ప్యాచ్ అని పేరు. వెడ్జ్‌వుడ్ ప్రాంతంలో కూరగాయలు పండించిన పికార్డో అనే ఇటాలియన్ కుటుంబం పేరులోని మొదటి అక్షరమే ఆ ‘పీ’. వాళ్ళ పొలంలోనే మొదలైన ఈ పద్ధతిని 1973లో నగరం తన కార్యక్రమంగా చేపట్టింది. ఏడాదికి కొంత రుసుము కట్టాలి, కట్టలేనివాళ్ళకు సాయం చేస్తారు. రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకూడదు. అందరూ కలిసి చేసే పనులకు కొన్ని గంటలు ఇవ్వాలి. బెల్‌వ్యూ, కర్క్‌లాండ్ లాంటి పక్క ఊళ్ళలోనూ ఇలాంటి తోటలున్నాయి. వెయిటింగ్ లిస్టు మాత్రం కొన్నిచోట్ల చాలా పొడవు. అందుకే పేరు ఇవాళే రాయించమంటాను.

ఇక్కడి చలికి మన కూరలు రావని చాలామంది ముందే చేతులెత్తేస్తారు. నిజానికి చలి ఒక్కటే లెక్క కాదు, పగటి పొడవు కూడా చూసుకోవాలి. జూన్‌లో ఇక్కడ పగలు 16 గంటలు. గోంగూర పగలు తగ్గితేనే పూతకొస్తుంది కాబట్టి వేసవంతా ఆకు వేస్తూనే ఉంటుంది. ఏప్రిల్‌లో కిటికీ దగ్గర నారు పోసి, రాత్రి వేడి 10 డిగ్రీల సెల్సియస్ దాటాక నల్లటి కుండీల్లోకి మార్చి ఎండ పడేచోట పెడితే పప్పుకు సరిపడా కోసుకోవచ్చు. కొత్తిమీర దీనికి పూర్తిగా ఎదురు. పొడుగు పగళ్ళు రాగానే పువ్వెత్తుతుంది, దాన్ని మార్చిలోనో ఆగస్టు చివరిలోనో చల్లుకోవాలి. చిక్కుడు విషయంలో జాగ్రత్త పడాలి. మన పాత రకాలు చాలావరకు పగలు బాగా తగ్గాకే పూస్తాయి, కాయ పట్టేలోపు చలి వచ్చేస్తుంది. మొదటిసారి వేసేవాళ్ళకు నేను చెప్పేది మెంతికూర. డబ్బాలోని మెంతులే రాత్రి నానబెట్టి చల్లితే నెల తిరిగేసరికి కోతకొస్తుంది. బాల్కనీలో ఒక టబ్బు చాలు.

మా తోటలో నా పక్క మడి ఒక వియత్నాం పెద్దావిడది. నా బచ్చలి తీగ చూసి ఆవిడ మొహం విప్పారింది. వాళ్ళ ఊళ్ళో దాన్ని రొయ్యలతో పులుసు పెట్టుకుంటారట. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రంగానే కలిసింది. ఆవిడ వంగి తీగ కొసను రెండో కణుపు పైన గోటితో టక్కున గిల్లి, కింద ఆకు మొదట్లో ఉన్న చిన్న మొటిమను వేలితో చూపించింది. వారం తిరిగేసరికి అక్కణ్ణుంచి రెండు కొమ్మలు లేచాయి. ఆఫీసులో ఎన్నేళ్ళు పనిచేసినా దొరకని పొరుగుతనం నాకు అక్కడ దొరికింది.

ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం కూడా ఈ మాట చెప్తున్నాను. ఆరు నెలల వీసా మీద వచ్చి, పగలంతా తలుపులు మూసిన ఇంట్లో టీవీ ముందు కూర్చుని, “ఇక్కడ మాట్లాడే దిక్కులేదురా” అని దిగులుపడే పెద్దవాళ్ళను మనమందరం చూశాం. ఏప్రిల్‌లో వస్తే మొత్తం పంటకాలం వాళ్ళదే. ఇక్కడి చైనాటౌన్‌లో కొండవాలు మీద 1975లో మొదలైన డానీ వూ తోటను ఒక్కసారి చూసి రండి. వలస వచ్చిన ఆసియా పెద్దలు మెట్లమెట్లుగా ఉన్న ఆ మడుల్లో పని చేసుకుంటుంటారు. మన పెద్దవాళ్ళకు అలాంటి చోటు మనం ఎందుకు చూపించలేదన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఒక్క విన్నపం. కరివేపాకు మొక్కనో గింజలనో సూట్‌కేసులో దాచి తేకండి. నారింజ, నిమ్మ తోటలను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డ ఆ తెగులు రైతులను నిలువునా ముంచింది. ఇక్కడి నర్సరీలో కొనుక్కుంటే సరిపోతుంది.

ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాదికి సాంస్కృతిక కార్యక్రమాలు ఘనంగా చేస్తుంది. ఆ హాల్లోనే ఒక బల్ల విత్తనాలకు కేటాయించాలని కమిటీని కోరుతున్నాను. ఇంట్లో నారు పోసుకోవడానికి అదే సరైన కాలం. ఇక్కడ పండిన తోటకూర, దోస, బీర గింజలు మీ దగ్గరుంటే ఆ రోజు పొట్లాలు కట్టి తీసుకురండి. గోంగూర నారు పోసి మే నెలాఖరుకు అందరికీ పంచే పని నేను చూసుకుంటాను.